చేతికి తగ్గ వాద్యం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరింగ్ గురించి పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి" అని నిర్వాహకులు నన్ను అడిగారు. నేను చాలా ఏళ్లుగా విద్యుత్ రంగంలో ఉన్నాను. భోజనాల ముందు సబ్‌స్టేషన్ల గురించి మాట్లాడితే మీరెవరూ నన్ను క్షమించరు. అందుకని ఒక గిటారు గురించి చెప్తాను. మూలన పడ్డ ఒక పాత ఎలక్ట్రిక్ గిటారును విప్పి, ఒక మనిషి చేతికి సరిపోయేలా మళ్లీ కట్టిన పని గురించి చెప్తాను. ఇంజనీరింగ్ అంటే నాకు తెలిసిందంతా ఆ చిన్న పనిలోనే ఉంది.

పాలకుర్తిలో నిలబడి వాద్యాల గురించి మాట్లాడటానికి మొహమాటం అక్కర్లేదు. మన సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు ఆటలను, పాటలను, వాద్యాలను పేరుపేరునా చెప్పాడు. ఆయన చేసిన ఇంకో పని నాకు ఇంజనీరుగా నచ్చుతుంది. పండితుల వృత్తాలను పక్కన పెట్టి, జనం నోట పాడుకోవడానికి వీలైన ద్విపదను ఎంచుకున్నాడు, జాను తెనుగులో రాశాడు. ఎవరి కోసం చేస్తున్నామో ముందు చూసుకొని, దానికి తగ్గట్టు పనిముట్టును ఎంచుకోవడం అది. నేను చెప్పబోయేది కూడా అదే మాట.

మా బ్యాచ్‌లో ఒక మిత్రుడు ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. తొంభైల్లో వరంగల్, జనగామ చుట్టుపక్కల పెళ్లిళ్లలో, గణపతి నవరాత్రుల్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. మీలో కొందరి పెళ్లి రిసెప్షన్లలో కూడా వాయించే ఉంటాడు. పదకొండేళ్ల కింద పొలం పనిలో మిషన్ బెల్టులో ఎడమ చెయ్యి పడింది. ప్రాణానికి ఏం కాలేదు. బొటనవేలు, చూపుడువేలు బాగున్నాయి, చిటికెన వేలు కొంత పనిచేస్తుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు మాత్రం వంగవు. గిటారు వాయించేవాళ్లకు ఎడమ చేతి వేళ్లే అక్షరాలు. వాటితో తీగలను మెట్ల మీద అదిమి పట్టాలి. ఆ రోజు నుంచి గిటారు అటక మీదికి పోయింది.

పోయినేడు వాళ్లింటికి పోతే, "దీన్ని పాత సామాన్ల బండికి వేద్దామనుకుంటున్నా, నీకు పనికొస్తే తీసుకుపో" అన్నాడు. తీసుకొచ్చాను, కానీ నా కోసం కాదు.

పిల్లల కోసం ఒక్క నిమిషం, ఎలక్ట్రిక్ గిటారు ఎలా పలుకుతుందో చెప్తాను. వీణకు పనసచెక్క కుండ ఉంటుంది, కిన్నెరకు సొరకాయ బుర్రలు ఉంటాయి. తీగ కదలికను అవే పెద్దది చేసి వినిపిస్తాయి. ఎలక్ట్రిక్ గిటారుకు అలాంటి బోలు కడుపు అవసరం లేదు, అది గట్టి చెక్క పలక. తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు. పైన ఇనుప తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మీ పదో తరగతి ఫిజిక్స్ పుస్తకంలో ఉంది. మన పొలాలకు కరెంటు ఇచ్చే జనరేటరూ, ఈ గిటారూ ఒకే తల్లి బిడ్డలు.

ఇంటికి తెచ్చాక స్క్రూడ్రైవర్ కంటే ముందు నోటుపుస్తకం తీశాను. ఏది ఎలా ఉందో కొలిచి రాసుకున్నాను. తీగల పొడవు, అంటే తల దగ్గరి ఆనుడు పట్టీ నుంచి బ్రిడ్జి దాకా, 648 మిల్లీమీటర్లు. మూడు పికప్‌లలో రెండు మల్టీమీటర్ మీద ఆరేసి వేల ఓమ్‌ల దాకా చూపించాయి. మూడోది ఏమీ చూపించలేదు, అంటే లోపల తీగ తెగింది. వాల్యూం తిప్పితే గరగర. మెడ కొంచెం ముందుకు వంగింది. ఇందులో వింత లేదు. ఆరు తీగలు కలిసి మెడను దాదాపు 45 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. ఒక యూరియా బస్తాను రాత్రింబగళ్లు వేలాడదీసినట్టు లెక్క. దాన్ని తట్టుకోవడానికే మెడ లోపల ఒక ఇనుప కడ్డీ పెడతారు.

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఒకటి, తెగింది అతికించి, తుప్పు తుడిచి, కొత్త తీగలు వేసి, గిటారును మళ్లీ కొత్తదానిలా చేయడం. అది రిపేరు. కానీ గిటారు కొత్తదైతే మాత్రం ఆ రెండు వేళ్లు వంగుతాయా? నేను ఎంత బాగా రిపేరు చేసినా వాద్యం బాగుపడుతుంది తప్ప వాయించేవాడు వాయించలేడు. అందుకే రెండో దారి పట్టాను. గిటారులో ఏం పాడైంది అనే ప్రశ్నను పక్కన పెట్టి, ఆ చేతికి ఏం చేతనవును అని అడిగాను.

ఈ ప్రశ్న అడిగిన మొదటివాణ్ని నేను కాదు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడు 1928లో తన బండి ఇంట్లో నిప్పంటుకొని ఎడమ చేతి రెండు వేళ్ల వాడకం పోగొట్టుకున్నాడు. మిగిలిన రెండు వేళ్లతో కొత్త పద్ధతి కట్టుకొని యూరప్ జాజ్ సంగీతంలో పెద్ద పేరు సంపాదించాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు 1965లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఇక గిటారు వదిలెయ్యమని చెప్పినవాళ్లే ఎక్కువ. అతను ఒక ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొప్పి పుట్టిస్తే సన్నవి వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించుకున్నాడు. ఆ దించిన శ్రుతి నుంచి వచ్చిన బరువైన నాదమే బ్లాక్ సబ్బాత్ బృందానికి గుర్తయింది.

మా వాడి చూపుడువేలు, బొటనవేలు బాగున్నాయన్నాను కదా. ఆ రెంటితో ఏం చేయొచ్చు? ఒక కడ్డీ పట్టుకోవచ్చు. తీగను అదమకుండా, దాని మీద నున్నటి కడ్డీని జార్చి స్వరం పలికించే పద్ధతి మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో గోటువాద్యం, అదే చిత్రవీణ, అలాగే వాయిస్తారు. హవాయి దీవుల గిటారు కూడా అంతే. ఇంకో విశేషం ఉంది. 1930ల మొదట్లో అమెరికాలో రికెన్‌బాకర్ కంపెనీ అమ్మిన తొలి ఎలక్ట్రిక్ గిటారు మెడకు తగిలించుకొనేది కాదు, ఒళ్లో పడుకోబెట్టి కడ్డీతో వాయించేది. పెనంలా ఉంటుందని దానికి "ఫ్రైయింగ్ పాన్" అని పేరు. కాబట్టి నేను చేయబోయేది వింత ప్రయోగం కాదు. గిటారును దాని పుట్టింటికి తీసుకుపోవడమే.

పని మొదలుపెట్టే ముందు ఒక నియమం పెట్టుకున్నాను. చేసే ప్రతి మార్పునూ అవసరమైతే వెనక్కి తిప్పగలగాలి. మెట్లు పీకలేదు, చెక్క కోయలేదు, తీసిన ప్రతి భాగాన్నీ చీటీ రాసి డబ్బాలో పెట్టాను. రేపు ఆ గిటారు వాళ్ల మనవడి చేతికి పోవచ్చు, వాడికి పది వేళ్లూ ఉంటాయి.

మొదటి మార్పు తీగల ఎత్తు. మామూలు గిటారులో పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. కడ్డీ బరువుకు తీగ మెట్టును తాకకుండా ఉండాలంటే అది తొమ్మిది మిల్లీమీటర్లు అయినా ఉండాలి. తల దగ్గరా, బ్రిడ్జి దగ్గరా ఇత్తడి పట్టీలు కావాలి. ఇత్తడి అంటే మనం ఎక్కడికో పోనక్కర్లేదు, పెంబర్తి మన జిల్లాలోనే ఉంది. అక్కడ ఒక పనివారి ముందు అట్టముక్క నమూనా పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "తీగ ఆనే చోట గీత పదునుగా ఉంటే తీగ తెగుతది, కొంచెం గుండ్రంగా చేస్తా" అన్నాడు. ఆయన గిటారు ముట్టుకున్నవాడు కాదు. లోహం ఎక్కడ ఏం చేస్తుందో ఆయన వేళ్లకు తెలుసు.

రెండోది తీగలు. ఆరింటిలో మూడో తీగ తీసేశాను. మిగిలిన ఐదింటిని కింది నుంచి పైకి సా, పా, సా, పా, సా అని శ్రుతి చేశాను. రెండు తీగలు పాత శ్రుతిలోనే ఉన్నాయి, మూడింటిని ఒక్కో స్వరం దించాను. ఏ తీగనూ బిగించలేదు కాబట్టి మెడ మీద భారం పెరగలేదు, తగ్గింది. లోపలి కడ్డీని పావు చుట్టు సర్దితే సరిపోయింది.

మూడోది పికప్. ఆరు తీగల కోసం చేసిన దానిలో ఆరు అయస్కాంతపు మొలలు ఉంటాయి, వాటి మీద ఐదు తీగలు సరిగ్గా కూర్చోవు. అందుకని అన్ని తీగల కిందా సాగే పట్టీ ఉన్న కొత్త పికప్ కావాలి. ఇంకో సమస్య కూడా ఉంది. ఒకే చుట్ట ఉన్న పికప్, గోడల్లో పారే 50 హెర్ట్జ్ కరెంటును కూడా వింటుంది, జుయ్యి మంటుంది. దీనికి మందు 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ కనిపెట్టాడు. రెండు చుట్టలు పెట్టి, ఒకదానికి చుట్టే దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ రెంటినీ తిరగేశాడు. తీగ నాదం రెండింట్లోనూ కలిసి పెరుగుతుంది, బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

ఒక్కో చుట్టకు ఐదు వేల చుట్లు, తీగ మందం 0.063 మిల్లీమీటరు. దాన్ని ఎవరు చుట్టాలి? నా డిగ్రీ చుట్టదు. బస్టాండు దారిలో వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే తమ్ముడి దగ్గరికి పోయాను. మన బడిలోనే చదివాడు, పదో తరగతి దాటలేదు. లోవోల్టేజీకి కాలిపోయిన మోటార్లు రోజుకు ఎన్ని విప్పుతాడో ఆయనకే తెలుసు. ఇంత సన్నటి తీగ ఆయనా ఎప్పుడూ చుట్టలేదు. మొదట తన చుట్ల మిషన్ వేగం తగ్గించాడు. తర్వాత తీగను రెండు వేళ్ల మధ్య ఫెల్టు గుడ్డలోంచి పోనిచ్చాడు. "గట్టిగ పడితే తెగుతది, వదిలితే పొరలు జారుతయి, ఊపిరి తీస్కున్నట్టు పోవాలె అన్నా" అన్నాడు. రెండు చుట్టలూ తెగకుండా పూర్తయ్యాయి. మల్టీమీటర్ పెడితే రెంటికీ మధ్య తేడా నూటికి రెండు పాళ్లు కూడా లేదు.

చివరిది కడ్డీ. వరంగల్‌లో ఒక లేత్ షాపులో 19 మిల్లీమీటర్ల మందం, ఏడున్నర సెంటీమీటర్ల పొడవు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క తిప్పించాను. బరువు దాదాపు 170 గ్రాములు. చూపుడువేలు కుదురుకునేలా పైన ఒక గాడి తీయించాను. మా వాడు వచ్చి పట్టుకొని చూసి, గాడి ఇంకొంచెం ఏటవాలుగా కావాలన్నాడు. తిప్పించాం. ఇంకోసారి చూసి, ఇంకా లోతు కావాలన్నాడు. మళ్లీ తిప్పించాం. మూడోసారి ఏమీ అనలేదు, కడ్డీని జేబులో వేసుకున్నాడు. అప్పుడు కొలత కుదిరిందని నాకు అర్థమైంది.

పిల్లలూ, వైర్ల పని చేసేవాళ్లకు ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. ఆంప్లిఫయర్‌కు మూడో పిన్ను లేకపోయినా, ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోయినా వాయించేవాడి ప్రాణానికే ముప్పు. మా వాడి ఇంట్లో గిటారు పెట్టకముందే ఎర్తింగ్ గుంత తీయించాం.

గిటారు ఒళ్లో పెట్టుకొని మా వాడు మొదటిసారి కడ్డీ జార్చినప్పుడు మేము అనుకోని మేలు ఒకటి కనబడింది. ఫ్యాక్టరీ గిటారు మెట్లన్నీ ఒకే లెక్కతో కోస్తారు. ఒక్కో మెట్టుకు తీగ పొడవును 1.0595తో భాగిస్తూ పోతారు. పన్నెండు మెట్లకు సరిగ్గా సగం అవుతుంది, పై షడ్జమం వస్తుంది. పంచమం దాదాపు కుదురుతుంది. తీగలో మూడో వంతు దగ్గర, అంటే 216 మిల్లీమీటర్ల దగ్గర అది సహజంగా పలుకుతుంది. మెట్టు 215.5 దగ్గర ఉంది, తేడా అర మిల్లీమీటరు. కానీ అంతర గాంధారం సహజంగా పలికేది ఐదో వంతు దగ్గర, 129.6 మిల్లీమీటర్ల దగ్గర. మెట్టు ఉన్నది 133.7 దగ్గర. నాలుగు మిల్లీమీటర్ల తేడా! ఏ స్వరస్థానం నుంచి మొదలుపెట్టినా పాట ఒకేలా నడవడానికి పాశ్చాత్యులు తెలిసి చేసుకున్న సర్దుబాటు అది. దానికి దాని ప్రయోజనం ఉంది. మన పద్ధతి వేరు. వీణకు మేళం కట్టేవాళ్లు మెట్లను మైనం మీద నిలబెట్టి, చెవితో విని, జరుపుతారు. కిన్నెరకూ మైనమే. నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగిలయ్య గారు 12 మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ వాద్యంలో చెవి చెప్పినట్టు మెట్టు నడుస్తుంది, మెట్టు చెప్పినట్టు చెవి కాదు.

కడ్డీ వచ్చాక మా వాడికి మెట్టే లేదు. పాత మెట్లు కింద గీతల్లా దారి చూపిస్తాయంతే. ముప్పై ఏళ్లు ఆ గాంధారాన్ని నాలుగు మిల్లీమీటర్లు పైన వాయించినవాడు, ఆ రోజు కడ్డీని కొంచెం వెనక్కి జార్చి, ఆగి, నా వైపు చూసి, "ఇదేందిరా, ఇది పాట లోపలి గాంధారం" అన్నాడు. తంబురా పక్కన పెట్టి చూశాం, నిజంగా కలిసింది. వేళ్లు పోవడం వల్ల మేలు జరిగిందని నేను అనను. అలాంటి మాట అనడానికి నాకు హక్కు లేదు. చేతికి తగ్గట్టు వాద్యాన్ని మారిస్తే, పాత వాద్యంలో లేని దారి కూడా తెరుచుకోవచ్చని మాత్రం చెప్తాను.

మొత్తం ఖర్చు ఏడు వేల రూపాయల లోపే. పట్టిన కాలం ఐదు నెలల ఆదివారాలు. ఈ సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమంలో మూడో అంశం మా వాడిదే, మీరే వినండి.

ఇప్పుడు గురువులకు ఒక మాట. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గురించి మీకు తెలుసు. ఆరేళ్ల వయసులో వాళ్ల నాన్నగారి మాండొలిన్ పట్టుకున్నాడు. మాండొలిన్ పాశ్చాత్య వాద్యం, జంట తీగలు నాలుగు, మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది, గమకం నిలవదు. తర్వాత ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకొని, జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఆ వాద్యంతో కర్ణాటక సంగీత కచేరీలు చేసి 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2014లో మనకు దూరమయ్యాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. రానిది ఎలా నేర్పాలి? ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటను వాద్యం మీద వెతుక్కునేవాడు. "నాకు రాని వాద్యం వదిలిపెట్టు, వీణ తెచ్చుకో" అని ఆయన అని ఉంటే? పిల్లవాడి చేతిలో ఏముందో దానితోనే చదువు మొదలుపెట్టాడు. ఈ వేదిక మీద అలాంటి గురువులు ఉన్నారు. లెక్కలు రాని నాలాంటివాడి చేత సైకిల్ చక్రం తిప్పించి పై విలువ చెప్పించిన సార్ కూడా ఇక్కడే ఉన్నారు.

ఇక సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని చర్చ నడుస్తోంది. స్వాగత తోరణం కట్టాలని కొందరు, ధ్యాన మందిరం అని కొందరు అంటున్నారు. అందరి ప్రేమా బడి మీదే. నా ఓటు మాత్రం పడమటి వైపు తాళం వేసి ఉన్న క్రాఫ్ట్ గదికి. మా రోజుల్లో అక్కడ క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది. రంపం పట్టుకోవడం నేను ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకోలేదు, అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు అందులో విరిగిన బెంచీలు ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక చేతిపనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది.

పెద్ద ఖర్చు కాదు. రెండు గట్టి బల్లలు, రెండు బెంచ్ వైస్‌లు, ఆరు సోల్డరింగ్ ఐరన్లు, నాలుగు మల్టీమీటర్లు, రంపాలు, ఆకురాళ్లు, ఒక ప్రథమ చికిత్స పెట్టె, సరైన ఎర్తింగ్. నెలకు రెండు శనివారాలు చాలు. నేర్పడానికి నాలాంటివాళ్లు మాత్రమే రావడం కాదు. మోటారు వైండింగ్ తమ్ముణ్ని పిలవండి, పెంబర్తి ఇత్తడి పనివారిని పిలవండి, ఊళ్లో వడ్రంగిని పిలవండి. వాళ్లను "సార్" అని పిలవమని పిల్లలకు చెప్పండి, గౌరవ వేతనం ఇవ్వండి. పదో తరగతి దాటని ఆ తమ్ముడు ఈ రోజు వెనక వరుసలో నిలబడి ఉన్నాడు. వేదిక ఎక్కమంటే సిగ్గుపడ్డాడు. ఈ బడి అతని చేతిలోని విద్యను విద్యగా గుర్తించే రోజు రావాలి.

బ్యాచ్‌కు ఒకరు చొప్పున శనివారం ఇవ్వగలిగితే ఏడాది గడిచిపోతుంది. నా పేరు మొదట రాసుకోండి, వచ్చే నెల మొదటి శనివారం. పాడైన రేడియోలు, ఫ్యాన్లు, మిక్సీలు మీ ఇళ్లలో ఉంటే బండికి వెయ్యకండి, బడికి పంపండి. ఒక్కోదాని మీద ఒక చీటీ అంటించండి. ఏం పాడైందో రాయక్కర్లేదు, అది పిల్లలు కనిపెడతారు. దాన్ని ఎవరు వాడాలో, వాళ్లకు ఏం చేతనవునో అది రాయండి. అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది.